ఆరో బోల్టు

రామవరప్పాడు రింగు దాటానో లేదో
వేడి ముల్లు ఎర్రగీత మీదికెక్కి కూర్చుంది.
బానెట్ ఎత్తితే
విజిల్ మింగేసిన కుక్కర్‌లా ఒకటే బుస.
అక్కణ్ణించి ఆటోనగర్‌కి
టాటా ఏస్ వెనకాల తాడు కట్టించుకుని
కాపీ కొట్టి దొరికిన కుర్రాడిలా వచ్చాను.

నాగుల్ మీరా కింద దూరి చూసి
"నీళ్ళ పంపు పోయింది మాస్టారూ" అన్నాడు,
మనకి తెలిసినవాళ్ళెవరో పోయినంత నెమ్మదిగా.

విప్పేముందు
బూట్ల అట్టపెట్టె ఒకటి చించి
దానిమీద పెన్సిలుతో పంపు బొమ్మ గీశాడు.
ఒంటిచెవి ఏనుగు తలకాయలా ఉంది.
ఒక్కో బోల్టూ ఊడదీసి
ఏ కన్నంలోది ఆ కన్నంలోనే అట్టకి గుచ్చాడు.
"మూడు పొట్టివి, రెండు మధ్యరకం, ఒకటి పొడుగు.
పొడుగుది పొట్టిదాని చోట దూర్చామనుకో,
అడుగు తగిలి బ్లాకే పగులుద్ది.
నాకు గుర్తుండవు సార్,
అట్టకి గుర్తుంటాయి."

ఐదు వచ్చాయి.
ఆరోది, ఆ పొడుగుదే,
తుప్పుతో కాపురం ముదిరి
తల మాత్రం ఇచ్చి మొండెం దాచుకుంది.
వేడి చేశాడు, కిరసనాయిలు తాగించాడు,
బుజ్జగించాడు, వాళ్ళమ్మని తిట్టాడు.
గంటన్నరకి బయటికొచ్చింది.

కొత్త పెట్టెలో పంపుంది, గాస్కెట్టుంది,
నాలుగు భాషల కాగితముంది.
బోల్టుల్లేవు.
"మీరే వెళ్ళండి. రెండు ముక్కలూ జేబులో వేసుకోండి."

ఇరవై రెండేళ్ళుగా
బెంజిసర్కిల్ దగ్గర మూడో అంతస్తులో
స్క్రూగేజి పాఠం చెబుతున్నవాణ్ణి.
పిచ్ అనగా
మర ఒక పూర్తి చుట్టు తిరిగినప్పుడు
ముందుకు జరిగే దూరం.
రెండు మార్కులు.
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మొదటి కొట్టువాడు ఫోనులోంచి తలెత్తకుండా ఇచ్చింది
అరంగుళం పొట్టి.
రెండో కొట్లోది
పొడుగు సరిపోయింది, లావు సరిపోయింది,
తల కూడా అదే తల.
మీరా దాన్ని వేళ్ళతో రెండు చుట్లు తిప్పి ఆపేశాడు.
"పానా పెట్టకముందే బిగిసిందంటే
అది మనది కాదు సార్."
పావు మిల్లీమీటరు తేడా అయ్యుంటుంది.
పైకి అనలేదు.

మూడో లైను చివర ట్రాన్స్‌ఫార్మర్ నీడలో
గోనెపట్టా మీద బోల్టులు కుప్పపోసుకుని
సామ్రాజ్యమ్మ.
కిలోల లెక్కన కొంటుంది, ఒక్కోటి లెక్కన అమ్ముతుంది.
"పాతది ఇటియ్యి."
కుప్పలోంచి ఒకటి తీసి
రెంటినీ పళ్ళకి పళ్ళు ఆనించి
ఎండకేసి ఎత్తి పట్టుకుంది.
మధ్యలో సన్నటి వెలుతురు.
పక్కన పడేసింది.
ఇంకొకటి. వెలుతురు.
ఇంకొకటి.
ఎవరో టీ తెచ్చిచ్చారు, తాగింది, నాకూ సగం పోసింది.
తొమ్మిదోదో పదోదో
పాతదాన్ని కరుచుకుని
చీకటైపోయింది.
"ఇదీ."

తలమీద ఎనిమిది చుక్క ఎనిమిది ఉందా అని అడిగాను,
చదువుకున్నవాణ్ణి కదా.
"నాకు అంకెలు రావు. నువ్వు చూసుకో."
ఉంది.
పన్నెండు రూపాయలు.
ఇరవై ఇస్తే చిల్లర లేదని
ఎనిమిదికీ వాషర్లిచ్చింది.

మీరా పానా పక్కన పెట్టి
చేత్తోనే తిప్పాడు.
మూడు, నాలుగు, ఐదు. వెళ్తూనే ఉంది.
చుట్టుకి ఒకటింబావు మిల్లీమీటరు.
నేను పక్కన కూర్చుని లెక్కపెడుతున్నాను,
పెదాలు కదులుతున్నాయని
వాడి దగ్గర పనిచేసే కుర్రాడు నవ్వాడు.

రాత్రి బ్యారేజీ మీద
ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది.
ఐనా భయమే, ఏసీ వెయ్యలేదు.
పక్క సీట్లో అట్టముక్క,
దానికి గుచ్చి ఐదు పాత బోల్టులు.
అవి కూడా మార్చేశాడు, ఎందుకైనా మంచిదని.
ఆరో కన్నంలోంచి
వెనకొచ్చే లారీల వెలుగు
సీటు మీద చిన్న చుక్కై కదులుతోంది.